వెండితెర కథలు – మన బడి వేదిక

పాఠశాల వార్షికోత్సవము సమీపించినపుడెల్ల మా యెదుట ఒకే ప్రశ్న నిలుచును: ఈ యేడు ఏ నాటకము వేయవలెను? మేము పాఠ్యపుస్తకము నుండి ఏదేని ఒక ఘట్టమును సూచింతుము. పిల్లలు మర్యాదగా తల యూపుదురు. తల యూపినంత మాత్రమున ఒప్పుకొనినట్లు కాదని మాకు తెలియును. మరునాడు పెద్ద తరగతివాడొకడు వచ్చి, "మాయాబజార్ వేద్దామండీ మాస్టారూ!" అనును. వేరొకడు 'పాతాళభైరవి' యనును. చిన్న తరగతులవారికి నిన్న మొన్న వచ్చిన చిత్రములే కావలెను. ఈ వార్త ఇండ్లకు చేరగనే కొందరు తల్లిదండ్రులు మమ్ము కలిసికొని, "ఇంట్లో టీవీ, చేతిలో ఫోను ఉండనే ఉన్నాయి. ఇంక బడిలో కూడా సినిమాయేనా మాస్టారూ?" అని నొచ్చుకొనుచుందురు.

వారి బాధ అకారణమైనది కాదు. అయినను ఈ విషయమున మేము పిల్లల పక్షమునే వహింపదలచితిమి. ఊరక కాదు, ఒక నియమము మీద. ఆ నియమమును తరువాత చెప్పుదుము. నాటకము పెద్దింటి బిడ్డ యనియు, సినిమా దాని సొత్తు దోచుకొని బలిసిన దనియు మన పెద్దలలో ఒక తలంపు కలదు. మొదట దానిని గూర్చి రెండు మాటలు చెప్పవలసి యున్నది.

చరిత్ర చూడగా ఈ రెండును ఒకే యింటివి. 1932 ఫిబ్రవరిలో విడుదలయైన మొదటి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'. హెచ్.ఎం. రెడ్డిగారు తీసిన ఆ చిత్రము ధర్మవరము రామకృష్ణమాచార్యులవారి నాటకమునకు తెర రూపమే. అందు లీలావతిగా నటించిన కమలాబాయి సురభి నాటక కుటుంబములో పుట్టిన నటి. ఒరియా భాషలో మొదటి టాకీయైన 'సీతా బిబాహ' కూడ కామపాల మిశ్రగారి నాటకము నుండి పుట్టినదే. అది 1936 నాటి చిత్రము. అదే సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమై, మన కోరాపుట్టు సీమ విశాఖపట్టణము జిల్లా నుండి విడివడి దానిలో చేరినది. ఇక మన రైలుదారి చివరనున్న విజయనగరములో 1892లో మొదటిసారి ఆడిన 'కన్యాశుల్కము' 1955లో చిత్రమైనది. రంగస్థలము వెండితెరకు అప్పిచ్చినది. ఆ అప్పు వడ్డీతో తిరిగి వచ్చిన కథ ఇంకను రమ్యమైనది.

శశిరేఖ పెండ్లి కథ వ్యాస భారతములో లేదు. జనుల నోట పుట్టి, నాటకముల వెంట ఊరూర తిరిగినది. 1936లోనే దానిని ఒకసారి చిత్రముగా తీసిరి. పిమ్మట 1957 మార్చి 27న విజయావారి 'మాయాబజార్' వచ్చినది. కె.వి. రెడ్డిగారి దర్శకత్వము, పింగళి నాగేంద్రరావుగారి మాటలు, మార్కస్ బార్ట్లేగారి ఛాయాగ్రహణము, ఎస్.వి. రంగారావుగారి ఘటోత్కచుడు, శశిరేఖగా సావిత్రిగారు. చూడనివారికి ఇంతకు మించి చెప్పి ప్రయోజనము లేదు, చూచినవారికి చెప్ప నక్కరలేదు. ఆ చిత్రము వచ్చిన తరువాత సురభివారి రంగస్థలము మీది 'మాయాబజార్' మూతపడవలసినది. ఇంటి ముందరి హాలులో రంగారావుగారు ఉండగా, గుడారములోని ఘటోత్కచుని కొరకు టిక్కెట్టు కొనువారెవరు? కాని కొనిరి. నేటికిని కొనుచున్నారు. అంతియే కాదు, 1951 నాటి 'పాతాళభైరవి'ని కూడ సురభివారు వేదికకు దింపుకొనిరి. జనులు తెర మీద పదిసార్లు చూచిన కథనే పదునొకండవసారి కర్రబల్లల మీద చూడ వచ్చిరి.

ఎందుకు వచ్చిరి? మా తలంపు ఇది. తెర మీద లడ్డూలు గాలిలో లేచి ఘటోత్కచుని నోటిలోనికి పోవుట 1957లో ముగిసిపోయిన కార్యము. ఈ రాత్రి అవి దారి తప్పవు, రేపును తప్పవు. సురభి వేదిక మీద అట్లు కాదు. ఆ లడ్డూ ఈ క్షణమున, మన కన్నుల ముందర, ఒక మనుష్యుడు దాగి లాగుచున్న తీగె మీద పోవుచున్నది. తెగిన తెగవచ్చును. తెగక నోటిలో పడగానే జనమంతయు చప్పట్లు కొట్టుదురు. ఆ చప్పట్లు ఘటోత్కచునకు కావు. తీగె లాగిన చేతికి. కథ తెలియనివాడు తరువాత నేమగునో యని చూచును. తెలిసినవాడు దీనినెట్లు చేయుదురో యని చూచును. ఈ రెండవ చూపులో ఒక పాలుపంచుకొనుట కలదు. నటుడు నోరు తెరవక మునుపే ముందు వరుసలోని పిల్లవాడు ఆ మాటను పెదవులతో అనుచుండును. తెలిసిన కథను వేదిక మీద చూచుటలో ప్రేక్షకుడు సగము నటుడు.

సురభివారిని గూర్చి మన పిల్లలకు తప్పక చెప్పవలసిన సంగతి వేరొకటి యున్నది. 1885లో కడప సీమలోని సురభి గ్రామమున 'కీచకవధ' ఆడి సమాజమును ఆరంభించిన వనారస వారి కుటుంబము తోలుబొమ్మలాట వృత్తిగా గలది. వారి పూర్వులు మరాఠీ మాటాడువారు. అనగా తెలుగు పద్యనాటకమును నూరేండ్లకు పైగా బ్రతికించిన ఆ కుటుంబములకు తెలుగు ఉయ్యాలలో విన్న భాష కాదు. వేదిక మీద నిలిచి, నోరార పలికి, తమదిగా చేసికొన్న భాష. మన బడిలో ఇంటిలో ఒరియా మాటాడు పిల్లలును కలరు, తల్లి కువి మాటాడునట్టి పిల్లలును కలరు. "మా యింట తెలుగు అంతగా లేదండీ" యని జంకువారు ఈ సంగతిని తలచుకొనవలెను.

భాష దాటిన నాటకములలో 'రక్తకన్నీరు' మరియొక తీరు. తమిళమున ఎం.ఆర్. రాధాగారు వేదిక మీద ఆడి, 1954లో తెర మీద కూడ నటించిన ఆ కథను తెలుగు వేదికకు తెచ్చినవారు నాగభూషణముగారు. దానితో ఆయన పేరే 'రక్తకన్నీరు నాగభూషణము'గా మారినది. ఆయన తమిళ నటుని గొంతును అనుకరింపలేదు. తెలుగు వ్యంగ్యమును, తెలుగునాట ఆనాటి రాజకీయముల మీది విసురులను అందులో చేర్చెను. నిన్నటి ప్రదర్శనములో లేని మాట నేటి ప్రదర్శనములో ఉండును. తెర మీది మాట ఒకసారి ముద్రపడిన నాణెము. వేదిక మీది మాటను ప్రతిరాత్రియు క్రొత్తగా పోతపోయవచ్చును.

మన వాడుకయే కాదు, ప్రపంచమంతయు ఇదే చేయుచున్నది. 1994లో బొమ్మల చిత్రముగా వచ్చిన 'లయన్ కింగ్' 1997లో న్యూయార్కు నగరమున నాటకమైనది. అందు సింహములను నిజముగా చూపవలెనని యత్నింపలేదు. నటుని తలపై ఒక ముఖోష నుంచిరి. క్రింద మనుష్యుని ముఖమును, పైన మృగము ముఖమును రెండును కనబడుచుండును. మన కోరాపుట్టు దేశియా నాటలో ముఖోషలు పెట్టుకొని ఆడువారిని చూచిన పిల్లలకు ఇందులో వింత యేమున్నది? మన దేశమున 1960 నాటి 'మొఘల్-ఎ-ఆజమ్' చిత్రమును 2016లో బొంబాయిలో రంగస్థలమునకు ఎక్కించిరి. అన్నిటికంటె మాకు ముచ్చట గొలిపినది జపాను వారి పని. 2022లో విడుదలయైన రాజమౌళిగారి 'ఆర్.ఆర్.ఆర్.' చిత్రమును 2024 జనవరిలో అచటి తకరజుకా సంస్థ సంగీత నాటకముగా ఆడినది. 1914 నుండి ప్రదర్శనము లిచ్చుచున్న ఆ సంస్థలో నటులందరును స్త్రీలే. కొమరం భీముడును స్త్రీయే, రామరాజును స్త్రీయే. జపాను భాషలో మాటాడిరి, మన నాటు పాటకు చిందులు వేసిరి. మన స్థానం నరసింహారావుగారు పురుషుడై యుండి చీర కట్టి వేదిక మీద సత్యభామను నిలిపిరి. వారు స్త్రీలై యుండి మీసములు పెట్టిరి.

ఇక మన యూరికి వత్తము.

బిస్సం కటక్ బజారులో పది అడుగులు నడచిన ఒరియా, కువి, తెలుగు మూడును చెవిని బడును. మాటాడుటకు తెలుగు కొదువ లేదు. పాటలకు అసలే కొదువ లేదు. ఫోనులో, టెలివిజనులో, పెండ్లిపందిరి మైకులో తెలుగు సినిమా మ్రోగుచునే యున్నది. ఒరియా వారి పిల్లలు కూడ ఆ పాటలు పాడుదురు. కాని ఈ బజారులో తెలుగు అక్షరము ఎచట కనబడును? దుకాణముల బోర్డులు చూడుడు, కార్యాలయముల కాగితములు చూడుడు, బస్సుల మీది పేర్లు చూడుడు. మన బడి గోడలు దాటినచో తెలుగు వినబడు భాషయే గాని కనబడు భాష కాదు. 1956లో రాజ్యాంగమునకు చేర్చిన 350ఏ అధికరణము అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పవలెనని రాష్ట్రములకు చెప్పినది. చట్టము బడిని ఇయ్యగలదు. పిల్లవాని కంటిలో అక్షరమును నిలుపుట చట్టము చేయు పని కాదు.

పోయిన యేడు అభ్యాసములో జరిగిన దొకటి చెప్పెదము. అభిమన్యుని వేషము కట్టిన బాలుడు తన మాటలను ఒరియా లిపిలో వ్రాసికొని వల్లించుచుండెను. తెలుగు చదువలేడా యనిన చదువగలడు, కాని మెల్లగా. ఒరియా లిపి అతనికి పరుగు, తెలుగు లిపి నడక. ఒరియా లిపి యందు హ్రస్వ 'ఎ', దీర్ఘ 'ఏ' యను భేదము లేదు. 'ఒ', 'ఓ' లకును లేదు. కావున అతని నోట 'తల్లి ఒడి' కాస్త 'తల్లి ఓడి' యైనది. 'నేల' విడిచి పోవలసినచోట 'నెల' విడిచి పోయెను. తోడి పిల్లలు నవ్విరి. మేము నవ్వలేదు. ఒక భాష తన లిపిని పోగొట్టుకొనుట ఎట్లుండునో ఆ కాగితము మీద కనబడినది. ఒరియా లిపి చక్కని లిపి, ఒరియా భాషకు సరిపోయిన లిపి. దానితో మాకు తగవు లేదు. మన మాటకు అది చాలదు, అంతే.

ఆ బాలుని కాగితము తీసికొని, ఆ మాటలనే తెలుగు లిపిలో వ్రాసికొని రమ్మంటిమి. రెండు దినములు పట్టినది. తప్పులున్నవి. కాని చదువునపుడు ఒక వింత చూచితిమి. పాఠ్యపుస్తకములో కూడబలుకుకొను పిల్లవాడు ఇచట తడబడలేదు. ఏలయన తరువాతి మాట ఏదియో అతని చెవికి మునుపే తెలియును. 'అస్మదీయులు' అను మాటను పుస్తకములో చూచిన బెదరిపోవునట్టివాడు, సినిమాలో నూరుసార్లు విన్నవాడు గనుక, ఆ సంయుక్తాక్షరమును ఇట్టే పట్టుకొనెను. క్రొత్త పాఠములో మాటయును క్రొత్తదే, అక్షరమును క్రొత్తదే. రెండు బరువులు ఒక్కసారి ఎత్తలేక పిల్లవాడు పుస్తకము మూసివేయును. తెలిసిన మాట తెలియని అక్షరమును చేయి పట్టుకొని నడిపించును. సినిమా కథను బడి వేదిక మీదికి తెచ్చుటకు మేము చూపు ముఖ్య కారణ మిదియే. తక్కినవన్నియు దీని వెనుకటివి.

ఇప్పుడు నియమము. పెట్టెలోని గొంతుకు పెదవులు కదుపుట నాటకము కాదు. రికార్డింగు డ్యాన్సును బడిలోనికి రానీయము. మైకులో ఘంటసాలవారు పాడుచుండగా చేతులు త్రిప్పిన పిల్లవానికి ఒక్క తెలుగు మాటయైనను నోటికి వచ్చునా? తన గొంతుతోనే పలుకవలెను, తన గొంతుతోనే పాడవలెను. శ్రుతికి హార్మోనియము చాలును. పిల్లలు సినిమా మాటలను మక్కికి మక్కిగా ఎక్కించుకొని రాగూడదు. కథను తీసికొని, తమ మాటలతో వ్రాసికొనవలెను, తెలుగు లిపిలో, ఎవరి నోటుపుస్తకములో వారు. బాగున్న సినిమా మాట ఒకటి రెండు నిలిచిన మేము తప్పు పట్టము.

ఏకపాత్రాభినయము విషయమున కూడ మా మాట ఇదియే. 1977 నాటి 'దానవీరశూరకర్ణ'లో కొండవీటి వేంకటకవిగారు వ్రాసిన సుయోధనుని సంభాషణములు వల్లింపని తెలుగు బడి లేదు. అంత దీర్ఘ సమాసములను తొమ్మిదవ తరగతి పిల్లవాడు ఊపిరి తిప్పుకొనక చెప్పుచుండగా ఏ ఛందస్సు పాఠమును దానికి సాటి రాదు. కాని రామారావుగారి గొంతును, తల త్రిప్పుటను తెచ్చుటకు పడు శ్రమలో సగమైనను ఆ సమాసములకు అర్థము తెలిసికొనుటకు పడవలెను. మా యెదుట ఆ ఘట్టమును చెప్పదలచినవాడు ముందుగా ప్రతి సమాసమును విడదీసి చూపవలెను. ఈ షరతు విని కొందరు వెనుకకు తగ్గుదురు. తగ్గనివారిని మేము వేదిక మీద మొదట నిలుపుదుము.

కథల యెంపికలో పిల్లలకును మాకును కొంచెము పేచీ కలదు. క్రొత్త చిత్రముల ఆకర్షణలో చాల భాగము వేగము, చప్పుడు. ఆ రెంటిని మన బడి వేదిక అందుకొనలేదు. అయినను పూర్తిగా కాదనము. 'ఆర్.ఆర్.ఆర్.'లో వంతెన క్రింద మంటలలో చిక్కిన బాలుని ఇద్దరు అపరిచితులు రక్షించు ఘట్టమున్నది. తెరకు దానిని చూపుటకు కోట్ల రూపాయలు కావలెను. మనకు ఒక ఎర్రచీర, ఒక త్రాడు, ఇద్దరు బాలురు చాలును. మూడవవాడొకడు ప్రక్కన నిలిచి జరుగుచున్నదానిని వర్ణింపవలెను. అదిగో, అచట భాష కావలసి వచ్చినది! తెర చూపగలదు గనుక మాటాడ నక్కరలేదు. వేదిక చూపలేదు గనుక మాటాడక తప్పదు. పేదరికము వలన మన వేదికకు కలిగిన లాభము ఇదియే.

ఆడపిల్లల తల్లిదండ్రులతో ప్రత్యేకముగా ఒక మాట. "మా అమ్మాయి వేషమా? వద్దండీ, నలుగురూ ఏమనుకుంటారు?" యని మీరు చెప్పుట మేము వినుచునే యున్నాము. స్త్రీపాత్రలను పురుషులే ధరించుచుండిన ఆ కాలముననే సురభి కుటుంబముల స్త్రీలు తమ పాత్రలను తామే ధరించిరి. వారిని నేడు తక్కువగా తలచువారెవరు? అయినను మీకు జంకుండిన మేమొక దారి చెప్పుదుము. జపాను వారి వలె బాలికలు మాత్రమే కూడి ఒక నాటకము వేయుదురుగాక. ఘటోత్కచుడు మొదలు లక్ష్మణకుమారుని వరకు అన్ని వేషములును వారివే. ఘటోత్కచునకు తగిన కంఠము గల బాలిక పదవ తరగతిలో నున్నదని మాకు తెలియును. ఆ సంగతి ఆమె తోటివారికిని తెలియును.

మరి కొందరు తల్లిదండ్రులు వేరొక ప్రశ్న వేయుదురు. ఉద్యోగములకు ఒరియా కావలెను, ఇంగ్లీషు కావలెను, ఈ తెలుగు నాటకముల వలన ఒరుగున దేమి యని. ఒరియా రావలెననుటలో మాకు రెండవ మాట లేదు. ఈ రాష్ట్రములో బ్రతుకువారు ఈ రాష్ట్ర భాషను చక్కగా నేర్వనిచో తమకు తామే అపకారము చేసికొందురు. ఒరియా వారి జాత్రాలు చూడుడు, గంజాము ప్రహ్లాద నాటకము చూడుడు. మన మొదటి టాకీ కథయే అది, వారి రాగములలో. కాని ఒక భాష నేర్చుటకు వేరొక దానిని విడువవలెనను లెక్క మాకు అర్థము కాదు. తన భాషలో నలుగురి యెదుట నిలిచి గొంతెత్తి పలుకగలిగిన పిల్లవాడు, ఇంటర్వ్యూలో ఒరియాలో పలుకవలసినపుడు నేల చూపులు చూడడు. వేదిక మీద పోయిన జంకు ఏ భాషలోను తిరిగి రాదు. అదియు గాక, మన నాటకమునకు వచ్చువారిలో ఒరియా వారు, కువి వారు కూడ నుందురు. కథ తెలిసినదే గనుక వారికి తెలుగు అడ్డము కాదు. మన భాషను వారు మన పిల్లల నోట విందురు. తగవులలో గాక, నాటకములో విందురు.

ఈ యేడు 'మాయాబజార్' నుండి ఒక గంట నాటకమును వేయ నిశ్చయించితిమి. బాలికల దళము వేరు, బాలుర దళము వేరు. బడి విడిచిన తరువాత ఒక గంట అభ్యాసము జరుగును. తెలుగు లిపిలో తన మాటలు తాను వ్రాసికొని రానివానికి వేషము లేదు. కిరీటములకు అట్టలు, బంగారు కాగితము మేము తెప్పింతుము. లడ్డూల తీగెను గూర్చి పెద్ద తరగతివారు ఇప్పటికే మూడు ఉపాయములు చెప్పినారు. మూడును నమ్మదగినవిగా లేవు.

తల్లిదండ్రులు అభ్యాసమునకు వచ్చి కూర్చుండవచ్చును. వెనుకటి రోజులలో సినిమా హాళ్ల వద్ద అమ్మిన పాటల పుస్తకములు, వెండితెర నవలలు కొన్ని యిండ్లలో పెట్టెల అడుగున ఇంకను ఉండవచ్చును. అట్టివి ఉన్నవారు పిల్లల చేతికిచ్చి పంపుడు. అట్టలు చినిగినను సరియే, లోపలి అక్షరములు కనబడిన చాలును. నాటకము ముగిసిన పిమ్మట భద్రముగా తిరిగి పంపెదము.